గీత గీశాకే లెన్సు కొనాలి

చింతామణిలో బెంగళూరు బస్సెక్కితే దారిలో హొసకోటె వస్తుంది. ఆ ఊరి దగ్గర భారత ఖగోళ భౌతిక సంస్థకు క్రెస్ట్ అనే ఆవరణ ఉంది. లద్దాఖ్‌లో 4,500 మీటర్ల ఎత్తున, హాన్లే అనే చోట 2 మీటర్ల అద్దంతో పనిచేసే హిమాలయన్ చంద్ర టెలిస్కోపును ఉపగ్రహం ద్వారా ఇక్కడినుంచే నడుపుతారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య-ఎల్1లో సూర్యుడి కరోనాను చూసే వెల్క్ పరికరాన్ని కూర్చింది కూడా ఈ ఆవరణలోనే.

అలాంటి పరికరం గీసేవాళ్లు ఎక్కడో పుట్టి పెరిగినవాళ్లనీ, మన చదువుకు అందని పని అదనీ మీకనిపిస్తోందా? అయితే ఈ అధ్యాయం మీకోసమే. మీరు బాగేపల్లిలో బీఎస్సీ చదువుతుండొచ్చు, చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉండొచ్చు. లెన్సు ఫార్ములా పరీక్షకు చదివారు, మార్కులూ వచ్చాయి. తీరా ఆప్టికల్ డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అరలు అరలుగా పట్టిక కనిపిస్తుంది. ఏ అరలో ఏ అంకె వేయాలో తెలియదు. అక్కడే చాలామంది ఆగిపోతారు.

ఆగిపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, మొదలుపెట్టిన చోటు తప్పు కావడం. డిజైన్‌లో ముఖ్యమైన నిర్ణయాలన్నీ సాఫ్ట్‌వేర్ తెరవకముందే, కాగితం మీద, కూడికలు గుణకారాలతో తేలిపోతాయి. ఆ మొదటి గంట పని ఎలా చేయాలో చూద్దాం.

1. ఏం చూడాలో ముందు చీటీ రాయండి

చింతామణి టమోటా మండీలో ఒక వ్యాపారి మీతో ఇలా అన్నాడనుకోండి: “ఏమప్పా, బెల్టు మీద కాయలు పోతా ఉంటే మచ్చలుండేవి కనిపెట్టే కెమెరా ఒకటి పెట్టిస్తావా?” మీరు “పెడదామన్నా” అనేసి ఆ రాత్రే ఆన్‌లైన్‌లో లెన్సు వెతకడం మొదలుపెడితే డబ్బు దండగ. ముందు ఆయన్ని అడగాల్సినవి అడగండి. బెల్టు వెడల్పెంత? ఎంత చిన్న మచ్చ కనబడాలి? బెల్టు మీద కెమెరా ఎంత ఎత్తున పెట్టుకోవచ్చు? కాయ ఎంత ఎత్తుంటుంది? బెల్టు ఎంత వేగంగా పోతుంది?

జవాబులు ఇలా వచ్చాయనుకుందాం: బెల్టు 400 మి.మీ., మచ్చ 1 మి.మీ., ఎత్తు సుమారు 600 మి.మీ., కాయ ఎత్తు 60 మి.మీ., వేగం సెకనుకు అర మీటరు. ఈ అయిదు అంకెలే మీ డిజైన్‌కు పునాది. “క్లియర్‌గా కనబడాలి” అన్న మాటతో ఏ లెన్సూ గీయలేం. “400 మి.మీ. వెడల్పులో 1 మి.మీ. మచ్చ” అంటే గీయగలం.

2. పాత ఫార్ములాను పనిలో పెట్టండి

చీటీ పక్కనే పెట్టుకుని లెక్క మొదలుపెట్టండి. 2048 పిక్సెల్స్ వెడల్పున్న సెన్సర్ ఎంచుకున్నారనుకోండి. ఒక్కో పిక్సెల్ 3.45 మైక్రాన్లయితే సెన్సర్ వెడల్పు సుమారు 7.1 మి.మీ. 400 మి.మీ. బెల్టు 7.1 మి.మీ.లో ఇమడాలి. 7.1ని 400తో భాగిస్తే 0.01775. ఇదే మీ మాగ్నిఫికేషన్.

600 మి.మీ. దూరంలో అంత చిన్నది చేయడానికి ఎంత ఫోకల్ లెంత్ కావాలి? దూరాన్ని మాగ్నిఫికేషన్‌తో గుణించి, మాగ్నిఫికేషన్‌కు 1 కలిపిన మొత్తంతో భాగించండి. దగ్గర దగ్గర 10.5 మి.మీ. వస్తుంది.

బజారులో 10.5 మి.మీ. లెన్సు మామూలుగా దొరకదు. దొరికేవి 8, 12, 16. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు “అయితే నేనే ఒకటి డిజైన్ చేస్తా” అనడం. వద్దు. 8 మి.మీ. లెన్సు పెడితే అదే ఎత్తు నుంచి 525 మి.మీ. కనిపిస్తుంది, పావువంతు పిక్సెల్స్ బెల్టు బయట వృథా అవుతాయి. 12 మి.మీ. పెట్టి కెమెరాను 688 మి.మీ. ఎత్తుకు జరిపితే సరిగ్గా 400 మి.మీ. వస్తుంది. అంటే తొమ్మిది సెంటీమీటర్ల ఇనుప కడ్డీ ఒక ప్రత్యేక లెన్సు ఖర్చును తప్పించింది. “అన్నా, స్టాండు ఇంకొంచెం ఎత్తు చేయించు” అన్న ఒక్క మాటతో పోయేదానికి నెలల పని నెత్తిన వేసుకోకూడదు. ఆప్టికల్ డిజైనర్ తెలివంతా గాజులోనే చూపించాలని లేదు.

మరి మచ్చ కనబడుతుందా? 1 మి.మీ.ని 0.01775తో గుణించండి. సెన్సర్ మీద దాదాపు 18 మైక్రాన్లు, అంటే అయిదు పిక్సెల్స్. కనబడుతుంది.

3. ఎఫ్ నంబరు ఎక్కువైతే మంచిదనుకోకండి

ఫోటోలు తీసే అలవాటున్నవాళ్లు ఇక్కడ సాధారణంగా జారతారు. కాయ ఎత్తుంది కాబట్టి పైనా కిందా అంతా ఫోకస్‌లో ఉండాలని లెన్సును ఎఫ్/16కు మూసేస్తారు, అంటే దాని రంధ్రాన్ని బాగా చిన్నది చేస్తారు. కాంతికి ఒక గుణం ఉంది: రంధ్రం చిన్నదయ్యేకొద్దీ అది ఎక్కువగా విస్తరిస్తుంది. ఎంత మంచి లెన్సైనా ఒక చుక్కను చుక్కగా చూపించదు, చిన్న బిళ్లగా చూపిస్తుంది. ఆ బిళ్ల వ్యాసం 2.44ను కాంతి తరంగదైర్ఘ్యంతోనూ ఎఫ్ నంబరుతోనూ గుణిస్తే వస్తుంది. ఆకుపచ్చ కాంతి 0.55 మైక్రాన్లు. ఎఫ్/16 దగ్గర బిళ్ల 21 మైక్రాన్లు దాటుతుంది. మీ మచ్చే 18 మైక్రాన్లు కదా! మచ్చకన్నా బిళ్ల పెద్దది.

ఎఫ్/4 దగ్గర బిళ్ల 5.4 మైక్రాన్లు. మరి ఫోకస్ సంగతి? కాయ నడిమి ఎత్తున ఫోకస్ చేస్తే పైకీ కిందికీ 30 మి.మీ. తేడా. మాగ్నిఫికేషన్‌ను దానితోనే గుణించి, మళ్లీ 30తో గుణిస్తే సెన్సర్ దగ్గర ఫోకస్ 0.0095 మి.మీ. జరుగుతుంది. దాన్ని 4తో భాగిస్తే మసక 2.4 మైక్రాన్లు. పిక్సెల్ కన్నా తక్కువే! ఎఫ్/16కు మూయాల్సిన అవసరమే లేదన్నమాట. ఎఫ్/16 నుంచి ఎఫ్/4కు వస్తే వెలుగు పదహారు రెట్లు పెరుగుతుంది. వెలుగు పెరిగితే ఎక్స్‌పోజర్ సెకనులో వెయ్యోవంతుకు తగ్గించుకోవచ్చు. అంతలో బెల్టు అర మిల్లీమీటరే కదులుతుంది.

చూశారా, చీటీలోని అయిదు అంకెలూ పనికొచ్చాయి. ఒక్కటి అడగకపోయినా ఇందులో ఎక్కడో ఊహ మీద నడవాల్సి వచ్చేది.

4. లెన్సును చేత్తో తిప్పి చూడండి

లెక్క అయ్యాక సాఫ్ట్‌వేర్ దగ్గరికి పరుగెత్తకండి. ఒక ముఖం చదునుగా, ఇంకో ముఖం ఉబ్బెత్తుగా ఉండే లెన్సు ఒకటి సంపాదించండి. వ్యాసం 50, ఫోకల్ లెంత్ 100 మి.మీ. అయితే చాలు. టార్చి మూతికి అల్యూమినియం రేకు చుట్టి సూదితో చిన్న బెజ్జం పెట్టండి. చీకటి గదిలో అయిదారు మీటర్ల దూరాన ఉంచి, లెన్సు వెనక తెల్లకాగితం పట్టుకుని చుక్క ఎంత చిన్నదవుతుందో చూడండి. ఇప్పుడు లెన్సును వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. (ఈ పని సూర్యుడితో మాత్రం చేయకండి. కాగితం అంటుకుంటుంది, కన్ను పోతుంది.)

ఉబ్బెత్తు ముఖం దీపం వైపున్నప్పుడు చుక్క స్పష్టంగా చిన్నదవుతుంది. చదును ముఖం దీపం వైపున్నప్పుడు చుట్టూ మసక. మామూలు గాజుతో ఆ మసక దాదాపు నాలుగు రెట్లు. గాజు అదే, ఫోకల్ లెంత్ అదే. కారణం ఏమిటంటే కిరణాన్ని వంచే పనిని రెండు ముఖాలూ పంచుకుంటే తప్పు తగ్గుతుంది, ఒక్క ముఖమే మోస్తే పెరుగుతుంది. దీన్నే స్ఫెరికల్ అబెరేషన్ అంటారు. పుస్తకంలో పేజీలకొద్దీ చదివినా చేతికి రానిది ఈ పది నిమిషాల్లో వస్తుంది. పెద్ద పెద్ద లెన్సుల డిజైన్‌లో కూడా నిపుణులు చేసేది చాలామటుకు ఇదే: ఏ ముఖమూ మోయలేనంత బరువు మోయకుండా పంచడం.

ఇప్పుడు చుక్క అంచుల్లో ఎరుపు, నీలం కనబడ్డాయా? దానికి మందు వచ్చే అంశంలో ఉంది.

5. రెండు గాజులు కలిపే లెక్క ఒక్కసారైనా చేతితో చేయండి

గాజు రంగుల్ని ఎంత తక్కువగా విడదీస్తుందో చెప్పడానికి అబ్బే నంబరు ఉంది. బీకే7 అనే క్రౌన్ గాజుకు అది 64.2, ఎఫ్2 అనే ఫ్లింట్ గాజుకు 36.4. తేడా 27.8. మీకు 100 మి.మీ. ఫోకల్ లెంత్ కావాలి, రంగులు విడిపోకూడదు. అయితే 100ను 27.8తో గుణించి 64.2తో భాగించండి: 43.3 మి.మీ. ఇది ఉబ్బెత్తు క్రౌన్ లెన్సు. అదే 100ను 27.8తో గుణించి 36.4తో భాగించండి: 76.4 మి.మీ. ఇది పల్లపు ఫ్లింట్ లెన్సు, ముందు మైనస్ గుర్తు పెట్టాలి. రెండూ అంటిస్తే మొత్తం 100 మి.మీ.

ఈ అంకెల్ని కాసేపు చూడండి. 100 మి.మీ. లెన్సు కోసం 43 మి.మీ. అంత బలమైన లెన్సు వాడాల్సి వచ్చింది. రంగు సరిదిద్దడానికి ధర కట్టాలి, ఆ ధర వంపుల్లో కడతాం. ఈ సంగతి తెలిసినవాడు గాజుల్ని ఎంచేటప్పుడు అబ్బే నంబర్లు దూరదూరంగా ఉండేలా చూసుకుంటాడు.

6. సాఫ్ట్‌వేర్: చిన్నదానితో, తెలిసినదానితో

ఇప్పుడు తెరవండి. ఓస్లో విద్యార్థి వెర్షన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. పది ఉపరితలాల వరకే అనుమతిస్తుంది, నేర్చుకోవడానికి అది ఎక్కువే. పైథాన్ వచ్చినవాళ్లకు రేఆప్టిక్స్, ఆప్టిలాండ్ అనే ఉచిత ప్యాకేజీలున్నాయి. మొదట మీ చేతిలో తిప్పి చూసిన లెన్సునే ఎక్కించండి. రెండు వైపులా తిప్పి, మసక నాలుగు రెట్లు వస్తుందో లేదో చూడండి. మీ కళ్లు చూసినది తెరమీద కూడా వస్తేనే అంకెలు సరైన అరల్లో వేశారని అర్థం. రాకపోతే వ్యాసార్ధాల గుర్తులు తారుమారై ఉంటాయి: వంపు కేంద్రం కుడివైపుంటే ప్లస్, ఎడమవైపుంటే మైనస్.

తర్వాత 43.3, 76.4 జంట. ఆ తర్వాత మూడు లెన్సుల కుక్ ట్రిప్లెట్. 1893లో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ పేటెంటు తీసుకున్న ఈ డిజైన్ మీద ఇప్పటికీ కొత్తవాళ్లు చేయి తిప్పుతారు.

“ఆప్టిమైజ్” మీట నొక్కాలని చేయి లాగుతుంది. నొక్కేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. గాజు మందానికి కనీస, గరిష్ఠ హద్దులు పెట్టానా? పెట్టకపోతే అంచు దగ్గర మందం సున్నాకన్నా తక్కువైన లెన్సు కంప్యూటర్ ఇస్తుంది, దాన్ని ఏ కార్ఖానా చేయలేదు. బొమ్మ నడుమ మాత్రమే చూస్తున్నానా, అంచులు కూడా చెప్పానా? నడుమ మాత్రమే చెబితే అంచుల్లోని టమోటాలు సాగిపోయి కనిపిస్తాయి. శూన్యం నుంచి మొదలుపెట్టానా, పనిచేసే పాత డిజైన్ నుంచి మొదలుపెట్టానా? కంప్యూటర్ దగ్గర్లో ఉన్న గుంట చూసుకుని అందులో దిగిపోతుంది. మంచి గుంట పక్కన దాన్ని నిలబెట్టడం మీ పని.

7. అక్కర్లేని వెలుగును ఎక్కడికి పంపుతున్నారు?

ఈ ప్రశ్న కొత్తవాళ్లు అడగరు. నిజానికి ఎన్నో పరికరాలు ఇక్కడే చెడతాయి.

హొసకోటెలో కూర్చిన వెల్క్ పని ఏమిటో ఆలోచించండి. సూర్యబింబం పక్కనే, దానికన్నా సుమారు పది లక్షల రెట్లు మందంగా వెలిగే కరోనాను చూడాలి. బింబం వెలుగులో చిటికెడు చెదిరినా కరోనా మునిగిపోతుంది. అందుకని దాన్ని గీసినవాళ్లు రెండో అద్దానికి నడుమ రంధ్రం పెట్టారు. మొదటి అద్దం బింబాన్ని సరిగ్గా ఆ రంధ్రంలో పడేస్తుంది. బింబం వెలుగు రంధ్రంలోంచి వెళ్లి మరో అద్దం మీద పడి పరికరం బయటికి పోతుంది. రంధ్రం చుట్టూ పడిన కరోనా మాత్రమే లోపలికి నడుస్తుంది. మొదటి అద్దాన్ని అతి నునుపుగా పాలిష్ చేయించడం, దుమ్ము చేరని గదిలో కూర్చడం కూడా ఇందుకే. ఒక్క ధూళి కణం చాలు వెలుగును చెదరగొట్టడానికి. బింబపు అంచుకు ఇంత దగ్గరగా, సౌర వ్యాసార్ధానికి 1.05 రెట్ల దూరం నుంచే కరోనాను చూడాలని పూనుకున్న పరికరం అది. మన పక్క ఊళ్లో జరిగిన ఈ పనిని ఇక్కడి ప్రతి ఫిజిక్స్ తరగతిలోనూ చెప్పాలి.

మీ టమోటా కెమెరాకు కూడా ఇదే పాఠం. టమోటా తొక్క మెరుస్తుంది, దీపం ప్రతిబింబం తెల్లటి మచ్చలా పడుతుంది, కంప్యూటర్ దాన్ని కుళ్లు అనుకుంటుంది. లెన్సు మార్చితే ఇది పోదు. దీపానికి ముందు తెల్లటి పలుచని తెర కట్టి వెలుగును మెత్తబరచండి. చాలకపోతే దీపానికో పోలరాయిడ్ రేకు, లెన్సుకో పోలరాయిడ్ రేకు పెట్టి ఒకదానికొకటి అడ్డంగా తిప్పండి, మెరుపు చాలావరకు చచ్చిపోతుంది. లెన్సు గొట్టం లోపల మెరిసే నల్ల పెయింటు వేయకండి. ఏటవాలుగా పడిన కాంతిని మెరిసే నలుపు బాగానే తిప్పికొడుతుంది. మెరుపులేని నలుపు వాడండి. పరీక్ష సులువు: కెమెరాకు కనబడని పక్క నుంచి ఫోన్ టార్చి లెన్సు మీద కొట్టండి. బొమ్మ వెలిసిపోయిందా? అయితే ఇంకా పని మిగిలి ఉంది.

8. రెండు రకాలుగా కొలవండి

హబుల్ టెలిస్కోపు కథ వినే ఉంటారు. 1990 ఏప్రిల్‌లో ఎగిరాక బొమ్మలు మసకగా వచ్చాయి. ప్రధాన అద్దం అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్లు ఎక్కువ చదునుగా ఉందని తేలింది. అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన దూరానికి 1.3 మి.మీ. తేడాతో కుదిరింది. అద్దం ఆ తప్పు కొలతకు అక్షరాలా సరిపోయేలా పాలిష్ అయింది. బాధ కలిగించే విషయం ఇంకొకటి: వేరే పద్ధతిలో చేసిన పరీక్ష లోపం చూపించింది, దాన్ని పట్టించుకోలేదు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేయాల్సి వచ్చింది.

అందుకే ఒక్క పరీక్షనే నమ్ముకోకండి. ఇంట్లో చేయగల మొదటి పరీక్ష ఫూకో అనే శాస్త్రవేత్త 1858లో చెప్పినది. 150 మి.మీ. వ్యాసం, 1200 మి.మీ. ఫోకల్ లెంత్ ఉన్న అద్దానికి 2,400 మి.మీ. దూరంలో ఒక చిన్న ఎల్‌ఈడీ చుక్క, పక్కనే ఒక బ్లేడు. తిరిగొచ్చిన వెలుగును బ్లేడుతో మెల్లగా కోస్తూ వెనక కన్ను పెట్టండి. అద్దం సరైన గోళమైతే మొత్తం ఒక్కసారిగా బూడిదరంగులోకి మారుతుంది. ఎత్తుపల్లాలుంటే గుంటలూ దిబ్బలుగా నీడలు లేస్తాయి. మైక్రాన్‌లో పదోవంతు లోపం కూడా బ్లేడు అంచున కనబడుతుంది. 150 మి.మీ. అద్దంలో నడిమి గుంట లోతు 1.2 మి.మీ. కూడా ఉండదు, కార్బోరండం పొడితో చేత్తో అరగదీయవచ్చు. పారబోలా చేయకుండా గోళంగానే వదిలినా పనికొచ్చే టెలిస్కోపు వస్తుంది. మొదటి అద్దానికి ఇంతకన్నా మంచి కొలత లేదు.

రెండో పరీక్ష మీ కాలేజీ ల్యాబులోనే ఉంది. న్యూటన్ రింగ్స్ ప్రయోగం గుర్తుందా? వైవా కోసం బట్టీపట్టిన ఆ వలయాలే లెన్సులు చేసే కార్ఖానాల్లో కొలబద్ద. మంచి గాజు ముఖాన్ని కొత్త ముఖం మీద పెట్టి వలయాలు లెక్కపెడతారు. సోడియం దీపం కింద ఒక్కో వలయానికి 0.295 మైక్రాన్ల తేడా. ఈసారి ల్యాబుకు వెళ్లినప్పుడు రికార్డు పూర్తిచేయడంతో ఆపకండి. ఒక పాత కళ్లద్దం తీసుకెళ్లి దాని మీద వలయాలు చూడండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

మన నేల ఇందుకు కొత్త కాదు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య ఫిజిక్స్ మాస్టారు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం మొదలుపెట్టారు. గౌరిబిదనూరు, బాగేపల్లిల్లో నేషనల్ కాలేజీలు నిలబడడం వెనక ఆయన కష్టం ఉంది. ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు హైదరాబాదులో పెరిగారు, ఆయన తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో పనిచేశారు. ఆ ఇంట్లో నక్షత్రాలు చూస్తూ పెరిగిన బప్పు, తమిళనాడు కావలూరులో 2.34 మీటర్ల టెలిస్కోపు కట్టాలని సంకల్పించారు. దాని అద్దాన్ని విదేశాల్లో పాలిష్ చేయించలేదు, బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ ల్యాబులోనే అరగదీశారు. 1986 జనవరిలో అది ఆయన పేరుతో ప్రారంభమయ్యే నాటికి ఆయన లేరు.

పద్ధతిగా చదవాలనుకుంటే కలకత్తా విశ్వవిద్యాలయంలో అప్లైడ్ ఆప్టిక్స్‌కు ప్రత్యేక శాఖే ఉంది. ఉద్యోగాల వైపు చూస్తే డెహ్రాడూన్‌లో రక్షణశాఖ వారి ఐఆర్‌డీఈ, బెంగళూరులో ఇస్రో వారి లియోస్ ఈ పనే చేస్తాయి. ఇంగ్లీషులో చదవగలిగితే వారెన్ స్మిత్ రాసిన ‘మోడరన్ ఆప్టికల్ ఇంజనీరింగ్’ దగ్గరుంచుకోండి. మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు, లెక్క ఆగిన చోటల్లా తెరవండి.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు సర్టిఫికెట్ల వెనక ఒక నోటుపుస్తకం కూడా పట్టుకెళ్లండి. అందులో అయిదు అంకెల చీటీ, 43.3, 76.4 లెక్క, బ్లేడు పరీక్షలో చూసిన నీడల బొమ్మలు, తప్పిన చోట కొట్టివేతలు ఉండనివ్వండి. ఈ ఆదివారం ఒక లెన్సు, ఒక టార్చి, ఒక తెల్లకాగితంతో మొదటి పేజీ రాయండి.